పదివేలవ వంతు

అతను షర్టు గుండీలు కింది నుంచి పైకి పెట్టుకుంటాడు. పై నుంచి మొదలుపెడితే ఎక్కడో ఒక కాజా తప్పి, చివర్న ఒక గుండీ మిగిలిపోతుందని చిన్నప్పటి నుంచీ భయం. ఆ ఉదయం అక్క కుట్టిన కొత్త షర్టు వేసుకుని, కింది గుండీతో మొదలుపెట్టి మెడ దాకా వచ్చేసరికి, బావ వంటగది గుమ్మానికి ఆనుకుని టీ తాగుతూ ఈ తతంగమంతా చూస్తున్నాడు.

“ఇవాళైనా పై నుంచి పెట్టుకో బామ్మర్దీ. ఆఖరి రోజు కదా, ఒక్క సాహసం చేసి చూడు,” అన్నాడు బావ.

“ఆఖరి రోజే తప్పు పెట్టుకెళ్తే జనానికి అదొక్కటే గుర్తుంటుంది బావా.”

“అసలు గుర్తుంటే కదా!”

ముందు గదిలోంచి అక్క, కుట్టు మిషను ఆపకుండానే కసిరింది. “పొద్దున్నే వాడి జోలికి వెళ్ళకండి. వారం నుంచి వాడి మనసేం బాగాలేదు.”

నిజమే, వారం నుంచి అతను కంచంలో మెతుకులు కెలికి లేచిపోతున్నాడు. రిటైరవుతున్న బెంగ అని బావ తీర్మానించాడు. బెంగ కాదు, కోపం. జీవితంలో గొంతు పెంచని మనుషులకు కోపం వస్తే అది బయటికి పోయే దారి తెలియక కడుపులోనే తిరుగుతుంది. అన్నం పట్టే చోటంతా అదే ఆక్రమించుకుంటుంది.

సన్నటి మనిషి. నడుస్తున్నప్పుడు కింద ఏదో వెతుకుతున్నట్టు కాస్త ముందుకు వంగుతాడు. కళ్ళజోడు మోసీ మోసీ ముక్కుకు రెండు పక్కలా ఎర్రటి గుంటలు పడ్డాయి. పెళ్ళి చేసుకోలేదు. వద్దని కాదు, రెండు మూడు సంబంధాలు వచ్చాయి, ఒకటి తేలేలోపు ఇంకేదో అడ్డుపడింది, తరవాత అడిగేవాళ్ళు అడగడం మానేశారు. ఉద్యోగంలో చేరినప్పుడు తాత్కాలికంగా దిగిన అక్కావాళ్ళ వెనక గదిలోనే ఈనాటికీ ఉంటున్నాడు. ముందు గదిలో అక్క బట్టలు కుడుతుంది. సిటీ బస్సు నడిపి రిటైరైన బావ ఇప్పుడు ఇల్లు నడుపుతున్నానని చెప్పుకుంటాడు. ఇల్లు నడిపేది ఎవరో వీధిలో అందరికీ తెలుసు.

ఇక అతని పని. కంప్యూటర్లో రాసే ఏ ప్రోగ్రామూ లెక్కలన్నిటినీ తనంతట తాను చేసుకోదు. కూడికలు, గుణింతాలు, వర్గమూలాలు చేసిపెట్టే చిన్న చిన్న ఫంక్షన్లు కొన్ని ఒకచోట పోగేసి ఉంటాయి. దాన్ని గణిత లైబ్రరీ అంటారు. అతని కంపెనీ అలాంటి లైబ్రరీని అమ్ముతుంది. అందులో ఒక ఫంక్షన్ అతనిది. రెండు సంఖ్యల్ని గుణించి, వచ్చినదానికి మూడోది కూడుతుంది. అంతే.

ఈ సంగతి మొదటిసారి విన్న రోజున బావ పగలబడి నవ్వాడు. “గుణించి కూడ్డానికి నీకు జీతమిస్తున్నారా? మా బస్సు కండక్టరు రోజంతా అదే చేసేవాడు, పైగా నిలబడి!”

అప్పుడతను ఓపిగ్గా కాగితం తీసి చూపించాడు. కంప్యూటరుకు అంకెలు పెట్టుకోవడానికి ఇన్నే గళ్ళని ఉంటాయి. మూడు గళ్ళే ఉన్నాయనుకుందాం. 1.01ని 1.01తో గుణిస్తే 1.0201 వస్తుంది. మూడు గళ్ళలో పట్టదు. కనుక దగ్గరి అంకెకి సర్ది, అంటే రౌండు చేసి, 1.02 అంటాం. ఇప్పుడు అందులోంచి 1.02 తీసేస్తే ఎంత? సున్నా. మామూలు పద్ధతి అది: గుణించి ఒకసారి రౌండు, కూడో తీసేసో మళ్ళీ ఒకసారి రౌండు. అతని ఫంక్షన్ అలా చెయ్యదు. గుణించినప్పుడు వచ్చిన అంకెలన్నిటినీ, చిల్లరతో సహా, చివరిదాకా పట్టుకుని ఉంటుంది. మూడో సంఖ్యతో లెక్కంతా పూర్తయ్యాక, అప్పుడు ఒకే ఒక్కసారి రౌండు చేస్తుంది. జవాబు సున్నా కాదు, 0.0001.

“పదివేలవ వంతు,” అన్నాడు బావ కాగితం దూరంగా పెట్టి చూస్తూ. “దీనికోసమా?”

“ఉందా, లేదా?”

“ఉందిలే.”

“ఉన్నదాన్ని లేదనకూడదు బావా. అదే నా ఉద్యోగం.”

మిషను దగ్గర కూర్చున్న అక్క తలెత్తి, “నేను మాత్రం కొలతలన్నీ వేసుకోకుండా మధ్యలో కత్తెర పెడతానా ఏంటి?” అంది. ఆ ఇంట్లో అతని ఉద్యోగం సంగతి అర్థమైంది ఆవిడకే.

ఆఫీసులో అతన్ని వెనకాల చివరంకె అంటారు. మీటింగుల్లో అందరూ వేగం గురించి, అమ్మకాల గురించి మాట్లాడుతుంటే, “చివరి అంకె తప్పుతోందండీ” అని చెయ్యెత్తేది అతనే కనుక. ఆ పేరు అతనికి తెలుసు. బాధపడలేదు. ఇంకా దారుణమైన పేర్లున్నవాళ్ళు ఆ అంతస్తులో ఉన్నారు.

అతని సీటు ప్రింటరు పక్కన. ప్రింటరు వేడికి ఆ మూల ఎండాకాలంలో కూర్చోలేరు, చలికాలంలో అందరూ అక్కడికే వస్తారు. ఆ ఉదయం బ్యాగు కుర్చీకి తగిలించి, కళ్ళజోడు తుడుచుకుని, కంప్యూటరు తెరిచాడు. లైబ్రరీ కొత్త వెర్షన్ ఆ మధ్యాహ్నం బయటికి వెళ్ళాలి. అతని ఆమోదం లేక ఆగి ఉంది.

వారం నుంచి నడుస్తున్న రగడ ఇదీ. ఖరీదైన చిప్పులు ఈ గుణించి కూడే పనిని వాటంతటవే, ఒకే రౌండుతో చేసేస్తాయి. చవక చిప్పులకు ఆ శక్తి లేదు. వాటికోసం అతను ఆ పనిని చేత్తో చేసినట్టు రాశాడు: ప్రతి సంఖ్యనూ రెండు ముక్కలు చేసి, ముక్కలు విడివిడిగా గుణించి, రాలిన చిల్లరంతా ఏరి, చివర్న అన్నీ కలిపి రౌండు చెయ్యడం. జవాబు సరిగ్గా రెండు అంకెల నడిమధ్యన పడితే ఎటు తిప్పాలన్న ఒక్క చిక్కు విప్పడానికే అతని జుట్టు సగం రాలిపోయింది. సరైన పని. కానీ నెమ్మది. ఇప్పుడు కంపెనీ ఒక పెద్ద ఖాతాదారుకు వేగం చూపించాలి. అందుకని చవక చిప్పుల మీద ఆ కష్టమంతా ఎత్తేసి, మామూలుగా గుణించి రౌండు, కూడి రౌండు చేసి పారేశారు. పోనీ అంటే పోనీ, అది వాళ్ళ సరుకు, వాళ్ళ ఇష్టం. కానీ ఫంక్షన్ పేరు అదే ఉంచారు. వివరాల పేజీలో ‘ఫలితాన్ని ఒక్కసారే రౌండు చేస్తుంది’ అన్న వాక్యమూ అలాగే ఉంచారు.

అతను అడిగింది కొండ మీది కోతిని కాదు. పనైనా పాతదే ఉంచండి, లేదా ఆ వాక్యమైనా మార్చండి అన్నాడు. ఇవాళ మధ్యాహ్నం లోపల రెంటిలో ఒకటి జరిగి తీరాలి. రేపు అడగడానికి అతనుండడు.

స్క్రీన్ మీద పరీక్షల ఫలితాలన్నీ పచ్చగా ఉన్నాయి. అతను కళ్ళజోడు సర్దుకుని మళ్ళీ చూశాడు. తప్పు పట్టిన ఎర్ర గీత ఒక్కటి కూడా లేదు. ఇది జరగడానికి వీల్లేదు. రెండుసార్లు రౌండు చేసే ఏ ఫంక్షనైనా బోర్లా పడాలని ఏరికోరి రాసిన పరీక్షలవి, అతని చేతులతో రాసినవి. నిన్నటిదాకా ఈ కొత్తది పడింది కూడా.

లేచి, పరీక్షలు చూసే ఆవిడ దగ్గరికి వెళ్ళాడు. నలభై దాటిన మనిషి. ఆయాసం ఉంది; మెట్లెక్కి వచ్చిన రోజు పది నిమిషాలు మాట్లాడలేదు. చాలా ఏళ్ళుగా ఇద్దరూ ఒకరి తప్పులు ఒకరు పట్టుకుంటూ పనిచేశారు.

“అమ్మా, ఇవన్నీ పచ్చగా ఎలా ఉన్నాయి?”

ఆవిడ స్క్రీన్ వైపే చూస్తూ చెప్పింది. “సరైన జవాబుల ఫైలు మార్చాం సార్.”

“ఏ జవాబులు పెట్టారు?”

“కొత్త ఫంక్షన్ ఇచ్చినవే.”

కొత్త ఫంక్షన్‌తో లెక్కలు చేయించి, అది ఏం చెబితే అదే సరైన జవాబని రాసుకుని, తరవాత ఆ జవాబులతో కొత్త ఫంక్షన్‌నే పరీక్ష చేశారు. ఇంక తప్పెలా వస్తుంది?

“పరీక్ష రాసినవాడి చేతికే పేపరిచ్చి దిద్దుకోమంటామా అమ్మా?” అన్నాడు.

“నేనూ అదే అడిగాను సార్. ఎర్రగా ఉంటే బయటికి వెళ్ళదు, పచ్చగా చెయ్యి అన్నారు. చేశాను.” అప్పుడు మొదటిసారి అతని మొహంలోకి చూసింది. “మీరు రేపట్నుంచి రారు. నేను రావాలి కదా.”

అతను ఆవిడ మీద కోపం తెచ్చుకోబోయి, తెచ్చుకోలేక, అద్దాల గది వైపు నడిచాడు.

అద్దాల గదిలో ఉండే మేనేజర్ని అందరూ స్పీడు అంటారు. ఈ స్పీడు ఏమీ తెలియని మనిషైతే ఇంత మంట ఉండేది కాదు. తెలియనివాడికి చెప్పుకోవచ్చు. ఇద్దరూ ఒకే రోజున ఈ కంపెనీలో చేరారు. ఈ ఫంక్షన్ మొదటి సగం స్పీడు రాసిందే. కుర్రతనంలో ఇద్దరూ అక్క ఇంటి వెనక గదిలో నేల మీద కాగితాలు పరుచుకుని, ముక్కలు ఎలా విడగొట్టాలో వాదించుకునేవాళ్ళు. అక్క చేతి అన్నం తిని, చెయ్యి కడుక్కోకుండా అంకెలు వేసిన మనిషి. తరవాత స్పీడు పై మెట్లెక్కాడు, ఇతను ప్రింటరు పక్కనే ఉండిపోయాడు. దానికి ఏడవలేదు. ఎవరి దారి వాళ్ళది.

“కూర్చోరా,” అన్నాడు స్పీడు.

“కూర్చోను. జవాబుల ఫైలు ఎందుకు మార్పించావు?”

“ఎర్రగా ఉంటే రిలీజు ఆగుతుంది కాబట్టి.”

“ఎర్రగా ఎందుకుందో తెలుసా నీకు?”

“నాకు తెలీదా? నాకే పాఠం చెబుతావేంటి?” స్పీడు నవ్వబోయి మానుకున్నాడు. “చూడు. సగం ప్రపంచం రెండుసార్లే రౌండు చేసుకుని బతుకుతోంది. ఎవడూ చావలేదు.”

“వాళ్ళు ఒక్కసారే అని రాసిపెట్టలేదు.”

“అబ్బా.”

“ఒక్క వాక్యం మార్చు. చవక చిప్పుల మీద రెండుసార్లు రౌండు చేస్తుంది అని రాయి. నేను ఇప్పుడే, ఇక్కడే, నీ ఎదురుగా ఆమోదం నొక్కేస్తాను.”

“రాస్తే కొనేవాళ్ళు అడుగుతారు.”

“అడగనీ.”

“అడిగితే కొనరు.”

“అంటే తెలిస్తే కొనరని నీకు తెలుసు.”

స్పీడు సీసా మూత తీసి నీళ్ళు తాగాడు. మూత మళ్ళీ పెట్టడానికి చాలాసేపు పట్టింది.

“గోడల ఆవిడ సంగతేంటి?” అన్నాడు అతను.

“ఏ గోడలు?”

అతను చెప్పాడు. ఊళ్ళో పాత ఇళ్ళకు, బీటలు వారిన గోడలకు అంటించే చిన్న మీటర్లు తయారుచేసే ఒకావిడ ఉంది. చవక చిప్పు, చిన్న బ్యాటరీ. గోడ నిన్న ఎక్కడుంది, ఇవాళ ఎక్కడుంది అని లెక్కవేసి ఒకదాంట్లోంచి ఒకటి తీసేస్తుంది ఆ మీటరు. తేడా వెంట్రుకవాసి కంటే తక్కువ. కొన్నేళ్ళ కిందట వేరే కంపెనీ లైబ్రరీ వాడుతూ, ఏ గోడ మీద పెట్టినా సున్నా వస్తోందని నెత్తి బాదుకుని, అటూ ఇటూ వాకబు చేసి ఇతనికి ఫోను చేసింది. ఇతని ఫంక్షన్ పెట్టాక సున్నా పోయి అంకె వచ్చింది. ఆ అంకె చూసి ఒక ఇంటివాళ్ళను ఖాళీ చేయించారు. అప్పట్నుంచి అతన్ని అన్నగారూ అని పిలుస్తుంది. చూసింది ఒక్కసారే, గొంతు మాత్రం బాగా తెలుసు.

“ఇవాళ నువ్వు పంపించేది పెట్టుకుంటే ఆవిడ మీటరు మళ్ళీ సున్నా చూపిస్తుంది. గోడ కదల్లేదని చెబుతుంది. కదులుతున్న గోడని కదల్లేదంటుంది. కింద మనుషులు పడుకుని ఉంటారు.”

“అలాంటివాళ్ళు ఎంతమంది ఉంటారు చెప్పు? ఒకరో ఇద్దరో.”

“వాళ్ళని కూడా రౌండు చేసేశావా?”

స్పీడు లేచాడు. భుజం మీద చెయ్యి వేశాడు. ఆ చెయ్యి వెయ్యడంలో ఉన్న మెత్తదనమే అన్నిటికంటే అసహ్యంగా అనిపించింది అతనికి. “రేపట్నుంచి ఎలాగూ నీ ఆమోదం అక్కర్లేదు. ఆమోదించేవాళ్ళలోంచి నిన్ను ఇవాళే తప్పించాల్సి వస్తోంది. ఏమనుకోకు. మూడింటికి నీకు చిన్న పార్టీ ఉంది, మర్చిపోకు.”

అతను సీటుకు వచ్చేసరికి పని పూర్తయిపోయింది. ఆమోదించాల్సినవాళ్ళ వరసలో అతని పేరు లేదు. మార్పు లోపలికి వెళ్ళిపోయింది, వెర్షన్ బయలుదేరింది. వారం రోజులు అతను తిండి మానేసి అడ్డం నిలబడ్డది ఒక్క నొక్కుడుకి పక్కకి పోయింది. కనీసం పెద్ద శబ్దమైనా చేసి ఉంటే బాగుండేది.

ఫంక్షన్ ఫైలు తెరిచాడు. లోపలంతా కొత్త చేతులు. అతని ముక్కలు లేవు, చిల్లర ఏరే వరసలు లేవు, నడిమధ్య అంకెల కోసం జుట్టు రాల్చుకున్న చోట ఇప్పుడు ఒకే ఒక్క వరస ఉంది. పైన మాత్రం రచయితగా అతని పేరు ఉంది. దాన్ని చెరిపెయ్యబోయాడు. అనుమతి లేదంది కంప్యూటరు. ఇంకోసారి నొక్కాడు, మళ్ళీ అదే మాట.

అద్దాల గదిలోకి రెండోసారి వెళ్ళినప్పుడు తలుపు కూడా తట్టలేదు.

“నా పేరు తీసెయ్.”

స్పీడు నిజంగానే నొచ్చుకున్నాడు. “నీ పేరు తీసేస్తామా? ఎంత మాట! ఇన్నేళ్ళు చాకిరీ చేశావు. నువ్వు వెళ్ళినా నీ పేరు అక్కడే ఉంటుంది. అది మేం నీకిచ్చే గౌరవం.”

గౌరవమట. మనిషి చేసిన పని తీసి చెత్తబుట్టలో వేసి, ఆ స్థానంలో వాడు చచ్చినా చెయ్యనని చెప్పిన పని పెట్టి, దాని నెత్తిన వాడి పేరు ఉంచి, ఇది గౌరవం, పుచ్చుకో అంటే ఏమనాలి? దొంగతనానికి ఒక పద్ధతుంటుంది, ఉన్నది ఎత్తుకుపోతారు. ఇక్కడ లేనిది తెచ్చి అతని పేరున పెట్టారు. అతను బయటికి నడిచాడు. తలుపు కూడా గట్టిగా వెయ్యలేకపోయాడు. ఆ అద్దం తలుపు ఎంత లాగినా మెల్లగానే మూసుకుంటుంది.

మధ్యాహ్నం డబ్బా తెరిచి, మూత పెట్టేస్తుంటే అక్క ఫోను.

“తిన్నావా?”

“తింటున్నా.”

“షర్టు బాగుందన్నారా?”

“అన్నారు అక్కా. అందరూ అన్నారు.”

ఎవరూ అనలేదు. షర్టు వైపు ఎవరూ చూడలేదు కూడా. ఉన్నదాన్ని లేదనకూడదన్నది అతని నియమం, లేనిదాన్ని ఉందనడం మాత్రం అక్క విషయంలో ఎప్పట్నుంచో చేస్తున్నాడు. “గొంతేంట్రా అలా ఉంది?” అని అక్క అడిగింది. “ప్రింటరు దుమ్ము,” అన్నాడు.

మూడింటికి అందరూ పెద్ద బల్ల చుట్టూ చేరారు. కేకు వచ్చింది, కాగితం పళ్ళేలు వచ్చాయి. అతనికి పేర్లు కూడా సరిగా తెలియని వాళ్ళు చాలామంది ఉన్నారు. కేకు ఉందంటే వచ్చిన పక్క అంతస్తువాళ్ళు. పరీక్షలావిడ అందరికంటే వెనక, తలుపుకి ఆనుకుని నిలబడింది.

స్పీడు బాగా మాట్లాడాడు. వెనక గదిలో నేల మీద పరిచిన కాగితాల సంగతి చెప్పాడు. అక్క చేతి వంట గురించి చెప్పాడు. చెబుతూ చెబుతూ ఆగి కళ్ళు తుడుచుకున్నాడు, అది నటన కూడా కాదు. అదే ఘోరం. మనసులో నిజంగా ప్రేమ ఉంచుకుని కూడా ఇలాంటి పని చెయ్యగలరు మనుషులు, చేసి కేకు కొయ్యగలరు. తరవాత ఒక అట్టపెట్టెలోంచి గాజు పలక తీసి పైకెత్తాడు.

“ఇందులో మా వాడి పేరు, వాడి ఫంక్షన్ పేరు చెక్కించాం. కింద వాడి వాక్యం. వాడు రాసిన వాక్యం, వాడి జీవితం మొత్తం అదే,” అంటూ పైకి చదివాడు. “‘ఫలితాన్ని ఒక్కసారే రౌండు చేస్తుంది.’”

చప్పట్లు మోగాయి. అతని చేతికి పలక వచ్చింది. అనుకున్నదానికంటే బరువుగా ఉంది. బంగారు రంగు అక్షరాలు లోతుగా చెక్కారు. గోటితో గీకితే పోయేవి కావు. ఇక్కడ తప్పు దిద్దడానికి ఎవరి ఆమోదమూ పనికిరాదు.

“ఇది అబద్ధమండీ,” అన్నాడు.

అందరూ నవ్వారు. “ఎంత వినయం!” అంది ముందు వరసలో ఒకావిడ. ఎవరో మళ్ళీ చప్పట్లు మొదలుపెట్టారు.

“వినయం కాదు. ఇది చెయ్యట్లేదండీ ఈ పని. ఇవాళ్టి నుంచి చెయ్యట్లేదు. రెండుసార్లు...”

చప్పట్ల హోరులో ఆ మాట అతనికే వినపడలేదు. కేకు ముక్క కాగితం పళ్ళెంలో పెట్టి ఎవరో చేతిలో పెట్టారు. స్పీడు మాత్రం నవ్వలేదు, చప్పట్లు కొట్టలేదు, కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు. తలుపు దగ్గర పరీక్షలావిడ రెండు చేతులూ చంకల కింద దాచుకుని నిలబడి ఉంది. ఆవిడ కళ్ళనిండా నీళ్ళున్నాయి, కానీ నోరు తెరవలేదు. ఆవిడ రేపు రావాలి.

అతను పలకా పళ్ళెమూ రెండూ బల్ల మీద పెట్టేశాడు. బ్యాగు తీసుకున్నాడు. లోపలికి వచ్చే కార్డును కింద గేటు దగ్గర కాపలా మనిషికి ఇచ్చేస్తే, “అప్పుడే వెళ్ళిపోతున్నారేంటి సార్, పార్టీ ఉందన్నారు?” అని అడిగాడు. “అయిపోయిందయ్యా,” అని రోడ్డు దాటి బస్టాపులో నిలబడ్డాడు. అప్పుడు ఫోను తీసి గోడల ఆవిడకు చేశాడు.

“అన్నగారూ! నూరేళ్ళు మీకు. ఇప్పుడే అనుకుంటున్నాం,” అంది ఆవిడ. వెనకాల ఏదో డ్రిల్లు మోత. “మీ కొత్త వెర్షన్ వచ్చింది. పెట్టేశాం.”

“పరీక్ష చెయ్యకుండానే?”

“మీది కూడా పరీక్ష చెయ్యాలా? పైన మీ పేరుంది కదా. భలే స్పీడుగా ఉంది.”

“తీసెయ్యమ్మా. పాతదే పెట్టు.”

“ఎందుకండీ?”

“రెండుసార్లు రౌండు చేస్తోంది. మీ మీటర్లు సున్నా చూపిస్తాయి.”

డ్రిల్లు ఆగింది. ఆవిడే ఆపించినట్టుంది. “ఒక్కసారే అని రాసుంది కదండీ. మీ పేరు మీదే ఉంది.”

“ఉంది.”

“మరి?”

ముప్ఫై ఏళ్ళకు పైగా ఆ పేరు కింద ఒక్క తప్పు అంకె పోనివ్వకూడదని కాపలా కాసిన మనిషి, బస్టాపులో పదిమంది మధ్య నిలబడి, ఆ మాట తన నోటితోనే అన్నాడు.

“నా పేరుని నమ్మకమ్మా.”

ఆవిడ మెల్లగా, “సరే అన్నగారూ, మా గోడలకి తీసేస్తాం. మరి మిగతావాళ్ళో?” అంది.

“మిగతావాళ్ళ నంబర్లు నా దగ్గర లేవు.”

బస్సు వచ్చింది. ఎక్కాడు. సీటు లేక కడ్డీ పట్టుకుని నిలబడ్డాడు. కొత్త షర్టు చంకల దగ్గర చెమటకి తడిసింది. ఇంటి దగ్గర దిగేసరికి, ఇంత తొందరగా వచ్చావేంటని అక్క గుమ్మంలోకే వచ్చింది. “ఏమిచ్చారు బామ్మర్దీ?” అని బావ లోపల్నుంచి అడిగాడు. ఖాళీ చేతులు చూపించి అతను వెనక గదిలోకి వెళ్ళి తలుపు వేసుకున్నాడు. బావ ఇంకో మాట అనబోతే అక్క చూపుతోనే ఆపేసింది. ఆ ఆఫీసుకు అతను మళ్ళీ వెళ్ళలేదు, వాళ్ళూ ఫోను చెయ్యలేదు.

ఆ సాయంత్రం అక్కడ బల్ల మీద, ఎండిపోతున్న కేకు పళ్ళేల పక్కన, గాజు పలక నిలబడే ఉంది. దాని మీద బంగారు రంగులో అతని పేరు, పేరు కింద ఆ వాక్యం, వాక్యం చివర చుక్క మీద ఎవరి వేలికో అంటుకున్న క్రీము.